అల వేరు, వడి వేరు: భద్రాచలం నుంచి రాజమండ్రి దాకా గోదావరి మీద పడవ ప్రయాణం (విశాఖపట్నంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో ఉన్నవాళ్ళలో చాలామంది రుషికొండ దగ్గర తెడ్డు పట్టినవాళ్ళే. అలకి ఎదురుగా ముక్కు పెట్టి లోపలికి వెళ్ళడం, గాలి తిరిగితే వెనక్కి రావడం మీకు తెలుసు. అందుకే గోదావరి అనగానే "అక్కడ అలలుండవు కదండీ, తేలికే" అంటారు. ఈ సాయంత్రం ఆ మాట దగ్గరే మొదలుపెడదాం. ప్రమాదం అక్కడే ఉంది కాబట్టి.

అల వస్తుంది, పోతుంది. రెండు అలల మధ్య ఊపిరి పీల్చుకునే వ్యవధి ఉంటుంది. నదిలో ఆ వ్యవధి లేదు. పడవ ఓ రాయికో, మునిగిన చెట్టుకో అడ్డంగా ఆనుకుంటే నీరు దాన్ని తోస్తూనే ఉంటుంది, మీరు అలిసిపోయినా ఆపదు. పైగా వడి రెట్టింపయితే తోపు నాలుగు రెట్లవుతుంది. గంటకు మూడు కిలోమీటర్ల వడిలో మోకాలి లోతున నిలబడి పడవ లాగినవాడు, అదే లోతులో ఆరు కిలోమీటర్ల వడి ఉంటే కాలు నిలుపుకోలేడు. చూడ్డానికి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

చిన్న ఉదాహరణ చెప్తాను. నిలబడి తెడ్డు వేసే స్టాండప్ బోర్డు మీద వెళ్ళేవాళ్ళు, బోర్డుకి తగిలించిన లీష్ అనే తాడుని చీలమండకి కట్టుకుంటారు. సముద్రంలో అది మంచి అలవాటు, బోర్డు దూరంగా కొట్టుకుపోకుండా ఆపుతుంది. పారే నదిలో ఆ తాడే ప్రాణం తీస్తుంది. తాడు కొమ్మకి తగులుకుందనుకోండి. బోర్డు ఒక వైపు, మీరు ఒక వైపు, మధ్యలో కొమ్మ. నీటి తోపుకి మనిషి తల కిందికి పోతుంది. వంగి చీలమండ దగ్గరి పట్టీ విప్పుకుందామన్నా ఆ తోపులో చెయ్యి అక్కడిదాకా అందదు. నదిలో లీష్ కావాలంటే నడుముకి కట్టుకోండి, అదీ ఒక్క చేత్తో లాగితే ఊడిపోయే రకమే. లేదంటే అసలు వద్దు. సముద్రంలో నేర్చుకున్నదంతా పనికిరాదని కాదు, దేన్ని వెంట తీసుకెళ్ళాలో దేన్ని ఇక్కడే వదిలేయాలో తెలియాలి.

సరే, దారి సంగతి చూద్దాం. 2008లో ప్రకటించిన నాలుగో జాతీయ జలమార్గంలో గోదావరి భాగం భద్రాచలం నుంచి రాజమండ్రి వరకు, 171 కిలోమీటర్లు. మనం మాట్లాడుకునేది ఈ దారి గురించే. కాగితం మీద ఒకే దారి, నీటి మీద మాత్రం ఇప్పుడు రెండు ముక్కలు. పోలవరం ఆనకట్ట రాజమండ్రి రోడ్డు-రైలు వంతెనకి ఎగువన సుమారు 34 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆ కట్ట దగ్గర పడవ దాటదు, దాటించే ప్రయత్నం కూడా చేయకూడదు. పైముక్క భద్రాచలం నుంచి గండి పోచమ్మ గుడి దాకా. అక్కడ పడవలు ఒడ్డుకి తీసి వాహనం మీద కట్టకి దిగువకి చేర్చుకోవాలి. కిందిముక్క పోలవరం ఊరు, పట్టిసీమ మీదుగా రాజమండ్రి.

పైముక్కలోనూ నది ఒక్కలా ఉండదు. భద్రాచలం దిగువన వెడల్పుగా, ఇసుక తిప్పలతో, పాయలు పాయలుగా పారుతుంది. కూనవరం దగ్గర ఎడమ నుంచి శబరి కలుస్తుంది. ఆ తర్వాత కొండలు రెండు వైపుల నుంచీ దగ్గరికి వస్తాయి. అవే పాపికొండలు. పోచవరం, పేరంటాలపల్లి, కొల్లూరు, కచ్చులూరు ఆ వరసలోవే. వెడల్పు తగ్గినచోట లోతు పెరుగుతుంది. రాజమండ్రి దగ్గర రెండున్నర కిలోమీటర్లకి పైగా పరుచుకునే నది ఆ ఇరుకులో కొన్ని వందల మీటర్లలోంచి పోవాలి కదా, ఆ నీరంతా లోతులోకే దిగాలి. కొండలు దాటాక ఆనకట్ట వెనుక నిలిచిన నీరు వస్తుంది. అక్కడ వడి దాదాపు ఉండదు, ప్రతి కిలోమీటరూ మీ భుజాలతోనే లాగాలి.

శబరి గురించి విశాఖ వాళ్ళకి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. మాడుగుల కొండల్లో పుట్టిన మాచ్‌ఖండ్ కిందికి పోయి సీలేరు అవుతుంది, సీలేరు మోటు దగ్గర శబరిలో కలుస్తుంది, శబరి కూనవరంలో గోదావరిలో కలుస్తుంది. అంటే మన కొండల నీళ్ళే అవి. సీలేరు మీద జలవిద్యుత్ కేంద్రాలున్నాయి. జనవరి తర్వాత గోదావరిలో సహజ ప్రవాహం పడిపోయాక డెల్టాలో దాళ్వా పంటకి, అంటే రబీ వరికి, ఆదుకునేది ఎక్కువగా ఆ కేంద్రాల నుంచి వదిలే నీరే. పడవ వేసేవాళ్ళకి దీని అర్థం ఏమిటంటే, ఎండాకాలం ముందు రోజుల్లో కూనవరం దిగువన నీటిమట్టం వానని బట్టి కాక, ఎక్కడో కొండల్లో టర్బైన్లు తిరగడాన్ని బట్టి మారుతుంది. ఆకాశంలో ఒక్క మబ్బు లేకపోయినా రాత్రికి రాత్రి నీరు ఎక్కొచ్చు. ఈ సంగతి గుడారం వేసేటప్పుడు మళ్ళీ వస్తుంది.

ఎప్పుడు వెళ్ళాలి? జూన్ చివర్లో ఎర్రటి వరదనీరు వచ్చిన దగ్గర్నుంచి అక్టోబరు దాకా కయాక్, అంటే సన్నటి తెడ్డు పడవ, ఊసే వద్దు. నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి చివరి దాకా బాగుంటుంది. మార్చి నుంచి భద్రాచలం, కూనవరం మధ్య తిప్పలు తేలి పడవ లాగడమే ఎక్కువవుతుంది. అయితే క్యాలెండర్ని నమ్మి బయల్దేరకండి. నవంబరు, డిసెంబరు మనకి తుపాన్ల నెలలు. బంగాళాఖాతంలో వాయుగుండం ఒడిశా వైపు పోయినా శబరి పరీవాహకంలో వాన పడుతుంది. విశాఖలోని తుపాను హెచ్చరికల కేంద్రం బులెటిన్ మీరు సముద్రం కోసం ఎలాగూ చూస్తారు, దాన్నే నది కోసం కూడా చూడండి.

దాంతోపాటు భద్రాచలం నీటిమట్టం రోజూ రాసుకోండి. అక్కడ 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం దగ్గర అవి 11.75, 13.75, 17.75 అడుగులు. 1986 ఆగస్టులో భద్రాచలంలో 75.6 అడుగులు వచ్చింది, 2022 జులైలో 71.3. ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. మొదటి హెచ్చరిక రాలేదు కాబట్టి వెళ్ళొచ్చు అనుకుంటారు. ఆ అంకెలు ఊళ్ళ కోసం, లోతట్టు జనం కోసం పెట్టినవి. కయాక్ కోసం కాదు. 43 అడుగులకి ఎంతో ముందే ఆ నది చిన్న పడవలది కాకుండా పోతుంది. మీరు చూడాల్సింది అంకె ఒక్కటే కాదు, అది ఎటు కదులుతోందన్నది. బయల్దేరే ముందు మూడు రోజులు వరసగా మట్టం తగ్గుతూనో, నిలకడగానో ఉండాలి. పెరుగుతుంటే, ఎంత తక్కువ అంకె మీద పెరుగుతున్నా సరే, ఆగండి. పెరిగే నీరు ఒడ్డున ఉన్న దుంగల్నీ, కొట్టుకొచ్చిన చెట్లనీ లేపి తెస్తుంది. తగ్గే నీరు వాటిని ఒడ్డున వదిలేసి పోతుంది.

కచ్చులూరు గురించి మాట్లాడకుండా ఈ దారి గురించి చెప్పడం తప్పవుతుంది. 2019 సెప్టెంబరు 15న వరద మీదున్న గోదావరిలో, కచ్చులూరు మందం అనే చోట పర్యాటకుల బోటు మునిగింది. ఎంతోమంది ప్రాణాలు పోయాయి. బోటుని 37 రోజుల తర్వాత, అక్టోబరు 22న గానీ బయటికి తీయలేకపోయారు. అక్కడ నది వంపు తిరుగుతుంది, ఇరుకు, బాగా లోతు. వంపులో నీరు బయటి ఒడ్డుకి కొట్టుకుని కిందికి దిగి, అడుగు నుంచి లోపలి వైపు తిరిగి లేస్తుంది. పైన చూస్తే కుండలో నీళ్ళు మరిగినట్టు బుడబుడ పైకి పొంగుతూ, పక్కనే సుడి తిరుగుతూ కనిపిస్తుంది. శీతాకాలంలో అదే చోటు నిశ్శబ్దంగా ఉంటుంది. ఫోటోలో చూసింది జనవరి నది, మీరు వెళ్ళింది సెప్టెంబరు నది అయితే అవి రెండు వేరే నదులు.

ఇప్పుడు నీటిని చదవడం. దీనికి కొంచెం ఎక్కువ సమయం తీసుకుంటాను.

వంపులో బయటి ఒడ్డు లోతు, లోపలి ఒడ్డు ఇసుక. దారి వెతుక్కునేటప్పుడు ఇదే మొదటి సూత్రం. కయాక్‌కి అరడుగు నీరుంటే చాలు కాబట్టి లోపలి వైపుకి దగ్గరగా, కానీ ఇసుక తగలనంత దూరంలో పోవచ్చు. మోటారు బోటు బయటి వైపు పోవాలి. రెండూ ఒకే గీతలో పోనక్కర్లేదు.

నీటి మీద నాగలి ముక్కు ఆకారం కనిపిస్తే దాని మొన ఎటుందో చూడండి. మొన దిగువకి ఉంటే, అంటే రెండు గీతలు మీ వైపు విప్పుకుని దూరంగా కలుస్తుంటే, అది రెండు అడ్డంకుల మధ్య తెరుచుకున్న దారి. మొన మీ వైపు, ఎగువకి ఉంటే ఆ మొన కింద రాయో మోడో ఉంది. ఆనకట్ట నీరు ఎక్కిన ప్రాంతంలో ఈ గుర్తు కూడా ఉండదు, నీరు కదలదు కాబట్టి. దేవీపట్నం మండలంలో జనం ఖాళీ చేసి వెళ్ళిన ఊళ్ళున్నాయి. మునిగిన చెట్ల మోడులు, స్తంభాలు అడుగు లోతులోనే ఉండొచ్చు. అక్కడ ఒడ్డు వెంట కోసుకుపోవడం మానేసి, లాంచీలు తిరిగే దారికి పక్కగా పోండి. లాంచీ సరంగు రోజూ తిరిగే గీత మీకున్న మంచి మ్యాపు.

పెద్ద రాయి వెనుక, వంతెన స్తంభం వెనుక నీరు వెనక్కి, ఎగువకి తిరుగుతుంది. దాన్ని ఎదురునీరు అందాం. అక్కడ పడవ ఆపుకుని ఊపిరి తీసుకోవచ్చు, వెనుక వచ్చేవాళ్ళని చూసుకోవచ్చు. అయితే దిగువకి పోయే నీరూ ఎదురునీరూ రాసుకునే గీత దగ్గర పడవ తిరగబడుతుంది. కారణం చూడండి. ముక్కు ఎదురునీటిలోకి వెళ్ళి ఆగుతుంది, తోక ఇంకా వడిలోనే ఉండి దిగువకి పోతుంది. పడవ చటుక్కున తిరుగుతుంది. తిరిగే పడవలో మనిషి బయటికి వాలతాడు, కొత్త నీరు పడవ అంచు కిందికి దూరి తిప్పేస్తుంది. సైకిల్ మలుపులో ఎటు తిరుగుతున్నామో అటే వంగినట్టు, పడవ తిరిగే వైపుకే నడుము వంచాలి. గీతని భయపడుతూ నెమ్మదిగా కాదు, వేగంగా, అడ్డంగా కోసుకుంటూ దాటాలి. నెమ్మదిగా దాటినవాళ్ళే పడతారు.

రాయికో స్తంభానికో పడవ అడ్డంగా తగలబోతుంటే ఏం చేయాలి? శరీరం దాని నుంచి దూరంగా వాలమంటుంది. అది పొరపాటు. దూరంగా వాలితే ఎగువ అంచు కిందికి దిగి నీరు లోపలికి వస్తుంది, పడవ రాయికి అతుక్కుపోతుంది. రాయి వైపుకే వాలండి, దాన్ని కౌగిలించుకున్నంత పని చేయండి. ఎగువ అంచు పైకి లేస్తుంది, పడవ జారి పోతుంది. ఇది బుర్రకి తెలిస్తే చాలదు, ఒంటికి రావాలి. వందసార్లు చేయాలి.

వల ఇంకొకటి. గోదావరిలో చేపల కోసం అడ్డంగా వలలు వేస్తారు. బెండ్లు, ప్లాస్టిక్ సీసాలు వరసగా తేలుతూ కనిపిస్తే అది వల. దాని మీదుగా పోవాల్సి వస్తే మధ్యలో, బాగా కిందికి దిగినచోట దాటండి, చుక్కాని ఉంటే పైకి ఎత్తేయండి. వల తెగితే ఒకరి రెండు రోజుల కూడు పోయినట్టే. చెప్పకుండా పోకండి, పరిహారం ఇచ్చి వెళ్ళండి.

ఏ పడవ తీసుకోవాలన్న ప్రశ్న అందరూ ముందు అడుగుతారు. నేను అందుకే వెనక్కి నెట్టాను. ఈ దారికి పన్నెండు నుంచి పద్నాలుగు అడుగుల పొడవు, 26 అంగుళాల దగ్గర వెడల్పు ఉన్న టూరింగ్ కయాక్ బాగా పనిచేస్తుంది. లోపల ముందూ వెనకా నీరు చొరని అరలు తప్పనిసరి. అరలు లేని పడవలో నీరు నిండితే దాన్ని ఒడ్డుకి చేర్చడం ఇద్దరి వల్ల కూడా కాదు. రుషికొండలో అద్దెకి దొరికే, లోపల కాక పైన కూర్చునే పొట్టి సిట్-ఆన్-టాప్‌లు ఒక రోజుకి సరే, అయిదు రోజులకి సామాను పట్టదు, ఎదురుగాలిలో ముందుకి పోవు. గాలి నింపే చవక రకాలు వద్దే వద్దు. కొండల ఒడ్డున కోసిన వెదురు మోడులు ఉంటాయి, ఒక్క గీత చాలు. కెనూ, అంటే పైన తెరిచి ఉండే తెడ్డు పడవ, సామాను ఎక్కువ మోస్తుంది, పిల్లలతో వెళ్ళేవాళ్ళకి హాయి. కానీ గోడలు ఎత్తు కాబట్టి గాలి పట్టేస్తుంది. రాజమండ్రి ముందరి వెడల్పు నీటిలో మధ్యాహ్నం సముద్రం వైపు నుంచి గాలి ఎదురొస్తే కెనూ ఇద్దరు లాగినా నిలబడినచోటే ఉంటుంది. కయాక్ అయినా కెనూ అయినా తెల్లారగానే మొదలుపెట్టి పన్నెండులోపు రోజు పని ముగించుకోవాలి. అయితే డిసెంబరు, జనవరిలో కొండల మధ్య పొగమంచు కమ్మితే అది విడేదాకా నీటిలోకి దిగకండి. లాంచీకి మీరు కనపడరు.

తెడ్డు పొడవు 26 అంగుళాల పడవకి 230 సెంటీమీటర్లు సరిపోతుంది. ప్రతి ఇద్దరికీ ఒక విడి తెడ్డు, రెండుగా విడిపోయే రకం, పడవ వెనుక పైన కట్టి ఉండాలి, లోపల కాదు. నిలిచిన నీటిలో సామానుతో గంటకి నాలుగున్నర, అయిదు కిలోమీటర్ల కన్నా ఎక్కువ లెక్క వేయకండి. రోజుకి పాతిక కిలోమీటర్లు. పైముక్కకి అయిదారు రోజులు, కిందిముక్కకి రెండు రోజులు. మధ్యలో ఒక ఖాళీ రోజు పెట్టుకోండి. ఖాళీ రోజు లేని ప్రయాణంలో మనిషి గాలికి ఎదురు పోతాడు, సెలవు అయిపోతోంది కాబట్టి.

సామాను సర్దడంలోనే సగం ప్రయాణం ఉంది. నీళ్ళ డబ్బాలు, బియ్యం, స్టవ్ లాంటి బరువులు సీటుకి దగ్గరగా, అడుగున. బట్టలు, పక్కలు చివర్లకి. ముక్కులో బరువెక్కువైతే గాలి తోకని పక్కకి నెట్టి, ముక్కుని ఎప్పుడూ గాలి వైపే తిప్పుతుంది. రోజంతా ఒకే భుజంతో సరిచేస్తూ సాయంత్రానికి ఆ భుజం పోతుంది. అందుకని పడవని నీటిలో పెట్టి పక్క నుంచి చూడండి, మట్టంగా ఉండాలి, కాకపోతే వెనుక ఒక వేలెడు కిందికి ఉన్నా ఫర్వాలేదు. తయారీదారు రాసిన మోత బరువులో మూడొంతుల మీద పోకండి. నీరు చొరని డ్రై బ్యాగులో గాలి నొక్కి తీసేసి, మూతిని కనీసం మూడు చుట్లు చుట్టి క్లిప్పు పెట్టాలి. రెండు చుట్లకి నీరు దూరుతుంది. ఒకే పెద్ద బ్యాగు కన్నా పది లీటర్లవి నాలుగు మేలు.

ఈ బల్ల మీదున్న లైఫ్ జాకెట్ చూడండి. అది మనిషిని తేల్చే బలాన్ని న్యూటన్లలో చెప్తారు. తెడ్డు వేసేవాళ్ళకి 50 న్యూటన్ల రకం, చేతులు ఆడాలి కాబట్టి. అది ఈత వచ్చినవాళ్ళకి, పక్కన తోడున్నవాళ్ళకి మాత్రమే. మోటారు బోటులో కూర్చునేవాళ్ళకి 100 న్యూటన్లు ఉండాలి, స్పృహ తప్పినా ముఖం పైకి తిప్పేలా తయారుచేస్తారు దాన్ని. వేసుకుని పట్టీలన్నీ బిగించాక రెండు భుజాల దగ్గర పట్టుకుని ఇంకొకరు పైకి లాగాలి. జాకెట్ చెవుల దాకా లేచిందంటే అది మీది కాదు, లేదా పట్టీ వదులు. విజిల్ దానికే కట్టి ఉండాలి. విసిరే తాడు పదిహేను, ఇరవై మీటర్లు, నీటి మీద తేలే రకం, సంచిలో ఎవరి చేతికైనా అందేలా. ఆ తాడు తెచ్చుకున్నాక చాకు కూడా తెచ్చుకోవాలి. తాడున్నచోట చాకు ఉండాల్సిందే.

బోల్తా పడటం ఇక్కడే నేర్చుకోండి. తాటిపూడి లాంటి నిలిచిన నీటిలో, అనుమతి తీసుకుని, సామాను వేసిన పడవతో. ఖాళీ పడవతో నేర్చుకుంటే లాభం లేదు. సిట్-ఆన్-టాప్ అయితే తిరగేసి, మధ్యకి వచ్చి, కాళ్ళు నీటి మీదికి తేలేలా తన్ని, బొడ్డు దాకా పైకి పాకి, పక్కకి తిరిగి కూర్చుని, అప్పుడు కాళ్ళు లోపలికి. ముందు కాళ్ళు పెట్టబోయినవాళ్ళు మళ్ళీ పడతారు. మూసిన కయాక్‌కి రెండో పడవ కావాలి. అందులోని మనిషి తిరగబడిన పడవ ముక్కుని తన ఒడిలోకి లాగి నీళ్ళు ఒంపి, నిలబెట్టి గట్టిగా పట్టుకుంటే పడిన మనిషి ఎక్కాలి. మొత్తం రెండు నిమిషాల్లో అయ్యేదాకా సాధన చేయండి. పారే నీటిలో పడితే మాత్రం పడవకి ఎగువ వైపు ఉండండి. దిగువ వైపు ఉంటే, నీరు నిండిన పడవ బరువు అయిదారు బస్తాలు ఉంటుంది, మిమ్మల్ని రాయికి నొక్కేస్తుంది. వెల్లకిలా, కాళ్ళు దిగువకి, పాదాలు నీటి పైకి. లోతు తక్కువ కనిపించినా వడి ఉన్నచోట నిలబడే ప్రయత్నం చేయకండి, పాదం రాళ్ళ సందులో ఇరుక్కుంటే వడి మనిషిని ముందుకి పడేసి ముంచుతుంది.

మోటారు బోటు తోడు వచ్చేవాళ్ళకి కొన్ని విషయాలు. 2021 నాటి అంతర్గత నౌకల చట్టం ప్రకారం ఇంజిన్ ఉన్న పడవకి రిజిస్ట్రేషన్, సర్వే సర్టిఫికెట్ ఉండాలి. అవి చూడకుండా అద్దె మాట్లాడకండి. కయాక్‌ల పక్కన రోజంతా నెమ్మదిగా పోతే టూ-స్ట్రోక్ ఇంజిన్‌లో ప్లగ్గులు మసి పట్టి ఆగిపోతుంది. కాబట్టి మూడు కిలోమీటర్లు ముందుకి పోయి, ఒడ్డున ఆపి, అందరూ దాటాక మళ్ళీ కదలడం మంచిది. టూ-స్ట్రోక్ నిండు వేగంలో ఒక్కో హార్స్‌పవర్‌కి గంటకి సుమారు అర లీటరు తాగుతుంది, 25 హార్స్‌పవర్ ఇంజిన్ అంటే పన్నెండు లీటర్ల పైమాట. ఫోర్-స్ట్రోక్‌కి దాదాపు మూడో వంతు తక్కువ. ఉన్న పెట్రోలులో ఒక వంతు వెళ్ళడానికి, ఒక వంతు రావడానికి, ఒక వంతు ముట్టుకోకుండా. కొండల మధ్య బంకులుండవు.

ఇంజిన్ వెనుక పక్క నుంచి సన్నటి ధార కొడుతుంటుంది, చూసే ఉంటారు. డ్రైవరు కళ్ళు ముందు ఎంత ఉండాలో ఆ ధార మీద కూడా అంత ఉండాలి. చల్లబరిచే నీరు తిరుగుతోందనడానికి అదే రుజువు. తిప్ప మీద ప్రొపెల్లర్ ఇసుకని లేపితే ఆ ఇసుక పంపులోకి పోయి రబ్బరు రెక్కల్ని అరగదీస్తుంది. ధార ముందు సన్నబడుతుంది, తర్వాత ఆవిరిలా తునకలు తునకలుగా వస్తుంది, తర్వాత ఆగుతుంది. సన్నబడినప్పుడే ఇంజిన్ ఆపి, రంధ్రంలో సన్నటి తీగ పెట్టి కెలికి చూడండి. చాలాసార్లు ఇసుక అడ్డం అంతే. అయినా రాకపోతే పంపు రెక్క మార్చాలి. విడి రెక్క, ప్లగ్గులు, ప్రొపెల్లర్, చిన్న ఇంజిన్లయితే షియర్ పిన్నులు సంచిలో ఉండాలి. ప్రొపెల్లర్ దేనికైనా గట్టిగా తగిలితే గేరు పగలకుండా ముందు తెగిపోయేలా పెట్టిన పిన్ను అది. దాని బదులు ఇనుప మేకు దూర్చే అలవాటు ఉంది, అలా చేస్తే తర్వాతి దెబ్బకి తెగేది గేరే. నీటిలో పడిన మనిషి దగ్గరికి దిగువ నుంచి, వడికి ఎదురుగా రండి, చేయి అందే ముందే ఇంజిన్ ఆపేయండి. ఎగువ నుంచి వస్తే వడి బోటుని మనిషి మీదికి తోస్తుంది.

మకాం. పాపికొండల జాతీయ ఉద్యానవనాన్ని 2008లో ప్రకటించారు. అందులో రాత్రి ఉండాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి. కచ్చులూరు తర్వాత బోట్ల కోసం గండి పోచమ్మ, పేరంటాలపల్లి, పోచవరం లాంటి చోట్ల, మన రుషికొండలో కూడా, కంట్రోల్ రూములు పెట్టారు. మీ జాబితా, రోజువారీ మకాం అక్కడ ఇచ్చి పోండి. భద్రాచలం తెలంగాణ, కాస్త దిగగానే ఆంధ్ర, కాబట్టి రెండు వైపులా చెప్పుకోవాలి.

ఇసుక తిప్ప మీద గుడారం వేస్తే నీటి అంచు కన్నా మీ నిలువెత్తు పైన వేయండి. చీకటి పడే ముందు సరిగ్గా నీరు తాకేచోట ఒక పుల్ల పాతండి. పడుకునే ముందు ఒకసారి, అర్ధరాత్రి ఒకసారి టార్చి వేసి చూడండి. పుల్ల నీటిలో ఎంత మునిగిందో అదే మీకు సీలేరు పంపిన కబురు. జానెడు మునిగితే అందర్నీ లేపి పైకి జరగండి, తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు. పడవల్ని ఇసుక మీదికి లాగి వదిలేయడం చాలదు, గుడారం కన్నా పైనున్న చెట్టుకి కట్టాలి. నీటికి పోయేది మొదట పడవే.

తాగే నీరు మనిషికి రోజుకి నాలుగు లీటర్లు. నది నీళ్ళు వాడితే ముందు పటికతోనో, చిల్లగింజ అరగదీసిన గంధంతోనో బురద తేర్చి, తర్వాత తెర్లేలా కాచండి. బురద నీటిలో క్లోరిన్ బిళ్ళ పనిచేయదు, మట్టి దాన్ని తినేస్తుంది. అటుకులు, సున్నుండలు, వేరుశనగ చిక్కీ, మాగాయ ఉంటే పగలు పొయ్యి అక్కర్లేదు. ఏజెన్సీలో మలేరియా ఉంది, దోమతెర మరవకండి. పేరంటాలపల్లిలో, కొల్లూరులో కొండరెడ్ల ఇళ్ళుంటాయి. వెదురుతో వాళ్ళు చేసే వస్తువులు కొనండి, ఇంటి ముందు నిలబడి అడక్కుండా ఫోటోలు తీయకండి.

(సభలో నుంచి ఒక ప్రశ్న: "సార్, సిగ్నల్ ఉండదు కదా, శాటిలైట్ మెసెంజర్ తీసుకెళ్ళొచ్చా?")

మంచి ప్రశ్న తమ్ముడూ. మన దేశంలో లైసెన్సు లేకుండా శాటిలైట్ ఫోనుగానీ, అలాంటి మెసెంజర్‌గానీ ఉంచుకోవడం నేరం. విదేశాల నుంచి ఎవరో తెచ్చిచ్చినది బ్యాగులో పెట్టుకుని పోకండి. కొండల మధ్య ఫోను పని చేయదనే లెక్కతోనే పోవాలి. విశాఖలో ఒక మనిషి దగ్గర మీ పట్టిక ఉండాలి. ఏ రోజు ఏ ఊళ్ళో సిగ్నల్ అందుతుందో అక్కడ నుంచి ఫోను చేస్తారు. అనుకున్న రోజు రాత్రి ఎనిమిదికి ఫోను రాకపోతే ఆ మనిషి ముందు కంట్రోల్ రూముకి, తర్వాత 112కి చెప్పాలి. అది ముందే కాగితం మీద రాసి ఇవ్వండి, లేకపోతే ఇంట్లోవాళ్ళు "రేపు చేస్తార్లే" అనుకుంటూ ఒక రోజు పోగొడతారు.

(మరో ప్రశ్న: "రాజమండ్రిలో ఆగకుండా ధవళేశ్వరం దాకా పోతే?")

వద్దమ్మా. రాజమండ్రి వంతెనల స్తంభాల మధ్యలోంచి పోవడానికి ముందే, కిలోమీటరు దూరంలో ఉండగానే ఏ ఖానాలోంచి పోవాలో అందరూ అనుకోవాలి. నిటారుగా, మధ్యలోంచి పోవాలి, ఒకరి వెనుక ఒకరు. పుష్కర రేవులోనో, కోటిలింగాల రేవులోనో దిగిపోవాలి. దిగువన ధవళేశ్వరం బ్యారేజీ ఉంది. ఎగువ నుంచి చూస్తే గేట్ల దగ్గర నీరు అద్దంలా కనిపిస్తుంది, లాగుతున్నట్టు తెలియదు. గేటు కింద పడిన నీరు అక్కడే వెనక్కి తిరుగుతూ ఉంటుంది, అందులో పడిన దుంగ గంటల తరబడి అక్కడే దొర్లుతుంది. మనిషికీ అంతే. వాహనాన్ని ముందు రోజే ఆ రేవుకి పంపి పెట్టుకోండి, మెట్ల మీద నాచు ఉంటుంది, పడవని ఇద్దరు పట్టుకుని చెప్పులతోనే దిగండి.